తొలి కాన్పు ఎవరి బాధ్యత?

మన కోస్తా జిల్లాల ముస్లిం కుటుంబాల్లో ఆడపిల్ల మొదటిసారి గర్భం దాల్చితే ఏడో నెలలో 'సత్వాసా' చేయడం ఆనవాయితీ. నూజివీడు మామిడి తోటల ప్రాంతం కూడా ఇందుకు మినహాయింపు కాదు. పుట్టింటివారు చీర, గాజులు, పండ్లు, మిఠాయిలు తెచ్చి, బంధువులకు భోజనాలు పెట్టి, అమ్మాయిని తమ ఇంటికి తీసుకుపోతారు. హిందూ సోదరుల ఇళ్ళలో సీమంతం పేరుతో జరిగేది కూడా ఇంచుమించు ఇదే. ఆ రోజు నుంచి స్కానింగులు, మందులు, ఆసుపత్రి బిల్లు, బిడ్డకు ఊయల, అల్లుడికి కొత్త బట్టలు అన్నీ అమ్మాయి తండ్రి పద్దులోకి చేరతాయి. అల్లుడు కబురు అందాక వచ్చి బిడ్డను ఎత్తుకుంటాడు. ఏడో రోజు అఖీఖా తన విధి అని అతనికి బాగా గుర్తుంటుంది. మేకల బేరం తానే చూసుకుంటాడు. మేకల కంటే ముందు జరిగిన ఖర్చు ఎవరి విధి అన్న ప్రశ్న మాత్రం చాలా ఇళ్ళలో ఎవరి మనసులోనూ మెదలదు.

"ఇది ఆచారమే కదా, ఇందులో ధర్మచర్చకు ఏముంది?" అని కొందరు అనవచ్చు. కాస్త ఓపిగ్గా ఆలోచిస్తే ఇందులో పెద్ద ప్రశ్నే ఉంది. ఇంకా పుట్టని బిడ్డకు మనమీద హక్కు అంటూ ఉందా? ఉంటే ఆ బాకీ తీర్చవలసినవారు ఎవరు?

దివ్య ఖుర్ఆన్‌లో తలాఖ్ సూరా ఆరో ఆయత్ (65:6) చూడండి. అక్కడ ప్రస్తావన కలిసి కాపురం చేస్తున్న దంపతుల గురించి కాదు, విడిపోయినవారి గురించి. విడాకులు పొందిన స్త్రీ గర్భవతి అయితే ప్రసవం అయ్యేవరకు ఆమె ఖర్చు భర్తే భరించాలని, ఆ తర్వాత ఆమె బిడ్డకు పాలిస్తే దానికి కూడా ప్రతిఫలం చెల్లించాలని, ఈ విషయాలను ఇద్దరూ మంచిగా మాట్లాడుకోవాలని అక్కడ ఆదేశం ఉంది. బంధం తెగిపోయిన స్త్రీ విషయంలోనే ఇంత ఖండితంగా చెప్పినప్పుడు, బంధం నిలిచి ఉన్న భార్య సంగతి వేరుగా చెప్పాలా? విడాకులిచ్చినవాడి మీద షరీఅత్ పెట్టిన భారాన్ని మనం కాపురం చేస్తున్నవాడి మీదనుంచి దించి అతని మామగారి నెత్తిన పెట్టాం. పైగా దానికి సంప్రదాయం అని పేరు పెట్టుకున్నాం.

బఖరా సూరాలో (2:233) తల్లుల అన్నవస్త్రాల బాధ్యతను బిడ్డ తండ్రిపై ఉంచిన చోట అరబీలో 'తండ్రి' అనే మామూలు మాట వాడలేదు. 'ఎవరి కోసం బిడ్డ పుట్టిందో అతను' అనే అర్థమిచ్చే పదం వాడబడింది. వ్యాఖ్యాతలు దీనిపై దృష్టి పెట్టారు. బిడ్డ వంశం ఎవరిదో, ఇంటిపేరు ఎవరిదో, ఖర్చు కూడా అతనిదే అన్న న్యాయం ఆ పదంలోనే ఇమిడి ఉంది. బిడ్డ కారణంగా తల్లికి గాని తండ్రికి గాని నష్టం కలగరాదని, శక్తికి మించిన భారం ఎవరిపైనా వేయరాదని కూడా అదే ఆయత్ చెబుతోంది. కనుక బీద భర్త పెద్ద ఆసుపత్రికి అప్పు చేసి తీసుకుపోవాలని ఎవరూ అనడం లేదు. తన శక్తిలో ఉన్నది తాను చేయాలి, అంతే.

మంత్రసాని కూలి

మన ప్రాంత ముస్లింలలో అత్యధికులు అనుసరించే హనఫీ ఫిఖహ్‌లో ఈ విషయానికి దగ్గరి ప్రశ్న ఒకటి ఎప్పటినుంచో ఉంది. మంత్రసానికి కూలి ఎవరివ్వాలి? పిలిచినవారే ఇవ్వాలన్నారు పండితులు. భర్త పిలిస్తే భర్త, భార్య పిలిస్తే భార్య. మరి ఎవరూ పిలవకుండా ఆమే వచ్చి కాన్పు చేసి వెళితే? కొందరు భర్త ఇవ్వాలన్నారు, కొందరు భార్య ఇవ్వాలన్నారు. డమాస్కస్‌కు చెందిన సుప్రసిద్ధ ధర్మశాస్త్రవేత్త ఇబ్నె ఆబిదీన్ (మరణం 1836) తన 'రద్దుల్ ముహ్తార్'లో ఈ చర్చను ప్రస్తావిస్తూ భర్త వైపే మొగ్గారు. ఆయన చూపిన కారణం చాలా సరళమైనది. మంత్రసాని పనివల్ల కలిగే ప్రయోజనంలో పెద్ద భాగం బిడ్డకు చెందుతుంది, కాబట్టి ఖర్చు బిడ్డ తండ్రిది.

ఇక్కడ ఒక మాట దాచనవసరం లేదు. పాతకాలపు ఫిఖహ్ పండితుల్లో చాలామంది మందుల ఖర్చును, వైద్యుడి రుసుమును భర్త విధిగా చెల్లించవలసిన నఫఖాలో (భరణంలో) చేర్చలేదు. అన్నం, బట్ట, ఇల్లు నిత్యావసరాలు, వైద్యం ఎప్పుడో గాని పడని అవసరం అన్నది వారి లెక్క. మన కాలపు పండితుల్లో సిరియాకు చెందిన వహబా జుహైలీ (మరణం 2015) వంటివారు ఆ లెక్క నేడు మారిందని, వైద్యం కూడా అన్నం వంటి అవసరమే అయినందున అది భర్త బాధ్యతేనని తేల్చారు. ఈ రెండో అభిప్రాయమే సబబని తోస్తుంది. ఒకవేళ ఎవరైనా మొదటి అభిప్రాయాన్నే పట్టుకుని కూర్చున్నా, అది భార్య జ్వరానికి వర్తిస్తుందేమోగాని కాన్పుకు వర్తించదు. ఎందుకంటే ఇబ్నె ఆబిదీన్ చూపిన కారణం భార్యకు సంబంధించింది కాదు, బిడ్డకు సంబంధించింది.

కీలకం అక్కడే ఉంది. భార్య తన భరణంలో ఏదైనా వదులుకుంటానంటే అది ఆమె ఇష్టం. బిడ్డ హక్కును వదులుకునే అధికారం ఆమెకు ఎక్కడిది? "నా కోసం ఏమీ ఖర్చు పెట్టొద్దులెండి, మా నాన్న చూసుకుంటారు" అని ఆమె అన్నంత మాత్రాన తండ్రి బాకీ తీరిపోదు. కడుపులో ఉన్నవారు ఇంకా నోరు విప్పలేదు, రశీదు ఇవ్వలేదు.

నోరు విప్పని ప్రాణికి హక్కేమిటన్న సందేహం కొత్తది కాదు. దైవప్రవక్త (స) కాలంలో హుజైల్ తెగకు చెందిన ఇద్దరు స్త్రీలు కొట్లాడుకోగా ఒకామె రాయి విసిరింది. రెండో ఆమె గర్భంలోని శిశువు చనిపోయింది. ఆ శిశువుకు పరిహారం చెల్లించాలని ప్రవక్త (స) తీర్పు చెప్పారు. తిననిది, తాగనిది, ఏడవనైనా ఏడవనిది, అటువంటి దానికి పరిహారమా అని చెల్లించవలసిన పక్షంవాడు ప్రాసలు కూర్చి వాదించాడు. జ్యోతిషుల మాటల్లా ఉన్నాయని ప్రవక్త (స) ఆ వాదాన్ని తోసిపుచ్చారు. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాల్లోనూ ఉన్న సంఘటన ఇది. వారసత్వ చట్టం కూడా ఇదే దారిలో నడుస్తుంది. తండ్రి చనిపోయేనాటికి బిడ్డ కడుపులో ఉంటే ఆ బిడ్డ వాటా ఆపి ఉంచుతారు. ఆస్తిలో వాటా ఆపి ఉంచవలసినంత హక్కున్న బిడ్డకు ఐరన్ మాత్రల్లో హక్కు లేదంటామా?

"అమ్మాయి తల్లిదండ్రులే ఇష్టపడి చేసుకుంటున్నారు, మేం అడగలేదు" అనే సమాధానం తరచు వినబడుతుంది. నిజంగా ఇష్టపడి చేసేవారు లేకపోలేదు. తొలి కాన్పుకు తల్లి దగ్గర ఉండాలని ఏ అమ్మాయికైనా అనిపిస్తుంది, ఆ ఊరట చిన్నది కాదు. అత్తింట కంటే అమ్మ దగ్గరే ఆమెకు కంటినిండా నిద్ర పడుతుందంటే తప్పక పంపవలసిందే. వెళ్ళడం ఒకటి, ఖర్చు వేయడం ఇంకొకటి. కానుక, పన్ను అనే రెండింటికీ తేడా తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. పుట్టింటివారు ఈసారి చేయలేమంటే ఏమవుతుంది? అల్లుడి ముఖం మాడకుండా, అత్తగారు నాలుగు ఇళ్ళలో చెప్పకుండా, అమ్మాయి తల దించుకోకుండా ఉంటే అది కానుకే. వీటిలో ఏ ఒక్కటి జరిగినా అది పన్ను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ అంటే ముగ్గురు కూతుళ్ళున్న కూలి తండ్రికి ఆ పన్ను ఎంత బరువో వేరే చెప్పాలా? కూతురు పుట్టిందని ముఖం ముడుచుకునే దుర్గుణాన్ని ఖుర్ఆన్ నహ్ల్ సూరాలో (16:58-59) ఎంత కఠినంగా ఖండించిందో మనం సభల్లో చెబుతుంటాం. కట్నం తర్వాత ఆ ముఖాలను ముడిపించే వాటిలో ఈ కాన్పు ఖర్చు కూడా ఉందని మాత్రం చెప్పం.

తోట సంగతి తెలిసినవాడికి

డబ్బు సంగతి ఇంతవరకు. దానికంటే పెద్ద నష్టం ఒకటుంది. ఖర్చు ఎవరు పెడితే వివరం వారికే తెలుస్తుంది. ఖర్చుతోపాటు తెలుసుకునే బాధ్యత కూడా భర్త చేతినుంచి జారిపోయింది.

నూజివీడు ప్రాంతపు రైతును చిన్న రసాల గురించి అడిగి చూడండి. డిసెంబరు, జనవరిలో పూత ఎలా వచ్చింది, మంచుకు ఎంత మాడింది, తేనెమంచు పురుగు ఎప్పుడు పట్టింది, పిందె ఎందుకు రాలుతోంది, ఏ మందు ఎన్ని రోజులకు కొట్టాలి అన్నీ వేళ్ళమీద చెబుతాడు. మచ్చ పడకుండా కాయకు కాగితపు కవరు తొడిగేవారు కూడా ఈమధ్య కనబడుతున్నారు. గుత్తకు తోట తీసుకున్న వ్యాపారి అయితే చెట్టు చెట్టుకూ లెక్క చెబుతాడు. ఆ మనిషినే భార్యకు రక్తం ఎంత ఉందని అడగండి. "వాళ్ళమ్మకు తెలుసు" అంటాడు.

నిజానికి అతను తెలుసుకోవలసింది పెద్ద శాస్త్రమేమీ కాదు. బిడ్డ మెదడు, వెన్నుపాము రూపుదిద్దుకునే నాళం గర్భం నిలిచిన నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమన్న సంగతి అప్పటికి తెలియనే తెలియదు. అది సరిగా మూసుకోవడానికి ఫోలిక్ యాసిడ్ అవసరం. కనుక ఆ మాత్ర గర్భం రాకముందునుంచే మొదలుకావాలి. అంటే సత్వాసా నాటికి మేలుకుంటే ఆరు నెలలు ఆలస్యం. అదే సర్వే ప్రకారం మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి మించి రక్తహీనతతో ఉన్నారు. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటారు. ప్రభుత్వం ఇచ్చే ఐరన్ మాత్రలు రోజూ వేసుకోవాలి, కనీసం 180 రోజులు. టీతో వేసుకుంటే ఆ ఇనుము ఒంటికి సరిగా పట్టదు. మన ఇళ్ళలో టీ ఎన్నిసార్లు కాస్తారో మనకు తెలియనిది కాదు. నిమ్మరసంతో వేసుకుంటే మంచిది, అది మనకు కరువా? మామిడిపండు వేడి చేస్తుందని అత్తగారు మాన్పిస్తారు, కడుపులో బిడ్డ అడుగుతోందని అమ్మ బుట్టెడు తినిపిస్తుంది. ఆమెకు షుగరు ఉందా లేదా అన్న పరీక్ష ఈ రెండు మాటల కంటే ముందు జరగాలి. కుంకుమపువ్వు పాలు తాగితే బిడ్డ తెల్లగా పుడుతుందన్నది వట్టిమాట. ఆ కుంకుమపువ్వు డబ్బుతో నెలంతా గుడ్లు, పప్పు వస్తాయి.

ముఖం, చేతులు వాచి, తలనొప్పి తగ్గకుండా, కళ్ళు మసకబారితే రక్తపోటు ప్రమాదకరంగా పెరిగిందేమోనని వెంటనే చూపించాలి. "కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలే" అనే మాట చాలా ప్రాణాలు తీసింది. రక్తం కనబడినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా తెల్లవారేదాకా ఆగరాదు. పిందె రాలితే రేపు చూద్దామని ఏ రైతూ అనడు.

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా ప్రత్యేక పరీక్షలు జరిపే కార్యక్రమం 2016 నుంచి నడుస్తోంది. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్‌తో సహా, ఉచితంగా చేయాలన్న నియమం 2011 నాటిది. నూజివీడులో ఏరియా ఆసుపత్రి ఉంది. ఆ క్యూలో నిలబడ్డ స్త్రీల వెంట ఎందరు భర్తలు వస్తున్నారో మనకు మనమే లెక్కపెట్టుకోవాలి.

పర్దా, తవక్కుల్

లేడీ డాక్టరు లేదని పరీక్షలు మానేసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. స్త్రీ వైద్యురాలు దొరికితే ఆమె దగ్గరికే వెళ్ళాలి, ఇందులో భేదాభిప్రాయం లేదు. దొరకని చోట, ప్రాణం మీదికి వచ్చినచోట, తప్పనిసరి అవసరం నిషేధాన్ని సడలిస్తుందన్నది షరీఅత్‌లో అందరూ అంగీకరించిన సూత్రం. ఎంతవరకు అవసరమో అంతవరకే అన్న హద్దు కూడా అందులోనే ఉంది. భార్య పర్దా కోసం ఇంత పట్టుబట్టే మనిషి తొమ్మిది నెలల్లో ఒక్కసారైనా వైద్యురాలు ఏ ఊళ్ళో ఉందో వాకబు చేశాడా? చేయకపోతే అతను అడ్డం పెట్టుకున్నది పర్దాను కాదు, బద్ధకాన్ని.

కొందరు 'అల్లాహ్ చూసుకుంటాడు' అంటారు. తప్పకుండా ఆయనే చూసుకుంటాడు. హజ్రత్ మర్యమ్ (అలైహిస్సలాం) ప్రసవవేదనతో ఖర్జూరపు చెట్టు మొదలు చేరినప్పుడు ఆమెను చూసుకున్నదీ ఆయనే. అప్పుడు కూడా పండ్లు ఆమె ఒడిలో ఊరికే రాలలేదు. చెట్టు మొదలును ఊపమని, తినమని, తాగమని, కళ్ళు చల్లబరచుకోమని చెప్పబడింది (19:23-26). నొప్పులతో ఉన్న ఒంటరి స్త్రీకి కూడా ప్రయత్నం మినహాయించబడలేదు. ఆరోగ్యంగా ఉన్న మగవాడికి ఏ మినహాయింపు ఉంటుంది? గర్భిణికి మినహాయింపు దొరికింది రమజాన్ ఉపవాసంలో. తనకో బిడ్డకో హాని అనిపిస్తే ఉపవాసం వాయిదా వేసుకునే అనుమతిని ప్రవక్త (స) ఇచ్చారు. ఆ అనుమతి వాడుకున్న కోడలిని ఇఫ్తార్ వేళ వింతగా చూసే ఇళ్ళు మాత్రం ఉన్నాయి.

ఆహారం, మందులు ఎంత ముఖ్యమో మనసు నెమ్మదీ అంత ముఖ్యం. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ఒకసారి ఒక గర్భిణిని విచారణకు పిలిపించారు. ఖలీఫా పిలుపు విన్న భయంతో ఆమెకు దారిలోనే నొప్పులు వచ్చాయి, పుట్టిన బిడ్డ వెంటనే చనిపోయింది. మీరు పాలకులు, మీపై దోషం లేదని కొందరు సహచరులు అన్నారు. హజ్రత్ అలీ (రజి) మాత్రం, ఆమెను భయపెట్టింది మీరే, పరిహారం మీపైనే ఉందన్నారు. ఉమర్ (రజి) ఆ మాటే స్వీకరించారు. ఫిఖహ్ గ్రంథాలు ఈ సంఘటనను పరిహార అధ్యాయాల్లో పేర్కొంటాయి. ఒక్క పిలుపు వల్ల కలిగిన భయానికి ఖలీఫా బాధ్యుడైనప్పుడు, తాగి వచ్చి గిన్నెలు విసిరేవాడి సంగతి, మగపిల్లాడు పుట్టకపోతే చూడు అని రోజూ సన్నాయి నొక్కులు నొక్కే అత్తింటివారి సంగతి ఏమిటి? బిడ్డ ఆడో మగో నిర్ణయించేది తండ్రి కణమేనని బడిపిల్లలకు కూడా తెలుసు.

కడుపులోని బిడ్డకు ఖుర్ఆన్ వినిపించాలని నేటి యువదంపతులు ఫోను పొట్ట దగ్గర పెడుతున్నారు. ఉద్దేశం మంచిదే. అభిమన్యుడి కథ విన్న తెలుగువారికి ఈ ఆలోచన వింతగానూ అనిపించదు. ఆరో నెలకల్లా బిడ్డకు శబ్దాలు వినబడతాయి, అన్నిటికంటే బాగా వినబడేది తల్లి గొంతే. ఆ గొంతు తిలావత్ చేస్తే ఫోనుతో పనేముంది? ఆ గొంతు ఏడుస్తూ ఉంటే ఏ ఫోనైనా ఏం చేస్తుంది?

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ చర్చ సగంలోనే ఆగుతుంది. మన ఇంటి గర్భిణి గురించి ఇంత మాట్లాడుకున్నాం. మన తోటలో కాయలు ఏరి, గ్రేడింగ్ చేసి, గంపలు మోసే కూలి మనిషి కూడా ఏ ఆరో నెల కడుపుతోనో ఉండవచ్చు. ఉద్యోగినికి చట్టం 2017 నుంచి 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. నాలుగు వారాల కోత కూలికి ఆ సెలవు ఎవరిస్తారు? మే నెల ఎండలో ఆమెకు నీడన కూర్చుని చేసే గ్రేడింగ్ పని అప్పగించి, గంప మోత ఇంకొకరికి ఇచ్చి, చల్లని నీళ్ళు దగ్గర పెట్టి, 9వ తేదీన కూలి కోయకుండా ఆసుపత్రికి పంపడానికి తోట తీసుకున్న వ్యాపారికి ఏ చట్టమూ అక్కరలేదు. నిషేధించిన కార్బైడ్‌ను ఇంకా వాడేవారికైతే చెప్పేదేముంది? ఆ పొట్లాలు కట్టే చేతులూ, ఆ పండు తినే నోళ్ళూ గర్భిణులవి కూడా కావచ్చు.

ఏప్రిల్, మే నెలల్లో కాన్పు తేదీ పడిన మామిడి వ్యాపారుల ఇళ్ళకు ఒక మాట. ఆ రోజుల్లో భర్త తెల్లవారుజామున లోడుతో బయలుదేరి ఏ నున్న మార్కెట్లోనో కాటా దగ్గర ఉంటాడు, భార్య ఇంకో ఊళ్ళో పుట్టింట ఉంటుంది. సీజను ముందే ఇద్దరు వియ్యంకులూ ఒకచోట కూర్చోవాలి. ఖర్చు ఎంతవుతుందో అంచనా వేసి అల్లుడు ఆ డబ్బు మామగారి చేతిలో పెట్టాలి. 108 వాహనం రావడం ఆలస్యమైతే ఏ వాహనం సిద్ధంగా ఉంటుందో, ఆమె ఉన్న ఊరికి దగ్గరి ఆసుపత్రిలో రాత్రిపూట సిజేరియన్ చేస్తారో లేక విజయవాడకు పంపుతారో, ఆమె రక్తం గ్రూపు ఏమిటో, అవసరమైతే రక్తం ఇవ్వగల ఇద్దరు ఎవరో, ఇవన్నీ అతను లారీ ఎక్కకముందే కనుక్కుని ఉండాలి.